ఆర్కిటిక్‌లో తిమింగలాలు చూడాలా? ముందు ఏ తిమింగలమో తేల్చుకోండి, ఓడ సంగతి తర్వాత

మొదటిసారి ఆర్కిటిక్ క్రూజ్ బుక్ చేసినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని చెప్పి మొదలుపెడతాను. బ్రోచర్ అట్ట మీద పొడవాటి మెలితిరిగిన దంతంతో నార్వాల్ బొమ్మ ఉంది, లోపలి పేజీల్లో స్వాల్‌బార్డ్ దీవుల రూటు ఉంది, నేను రెండూ కలిపేసుకుని డబ్బు కట్టేశాను. ఓడ ఎక్కిన రెండో రోజు గైడ్‌ని పట్టుకుని "నార్వాల్స్ ఎప్పుడు కనిపిస్తాయి?" అని అడిగితే, ఆయన నవ్వు ఆపుకుంటూ, ఏళ్ళ తరబడి ఈ నీళ్ళలోనే తిరుగుతున్నాను, రెండంటే రెండుసార్లు చూశాను అన్నాడు. అట్ట మీద బొమ్మ పూర్తిగా అబద్ధమూ కాదు, స్వాల్‌బార్డ్ వైపు నార్వాల్స్ ఉన్నాయి, కాకపోతే ఓడలు మామూలుగా వెళ్ళని చోట, మంచు మధ్య ఎక్కడో ఉంటాయి. ఊరించి ఉసూరుమనిపించడం అంటే అదే.

అందుకే ఎవరైనా "ఏ ఓడ మంచిది?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీకు ఏ తిమింగలం కావాలి? ఆర్కిటిక్ అంటే ఒక చోటు కాదు. ఏడాది పొడవునా అక్కడే ఉండే అసలు సిసలు ఆర్కిటిక్ తిమింగలాలు మూడే: బెలూగా, నార్వాల్, బోహెడ్. ఈ మూడింటికీ వీపు మీద రెక్క ఉండదు, మంచు కింద ఈదడానికి అదొక సౌకర్యం. మిగతావి, అంటే హంప్‌బ్యాక్, ఫిన్, మింకి, నీలి తిమింగలం, ఇవన్నీ వేసవిలో తిండి కోసం వచ్చే చుట్టాలు. రాత్రి అనేదే లేని ఆ నెలల్లో ప్లవకాలు (నీళ్ళలో తేలే అతి చిన్న జీవులు) విపరీతంగా పెరుగుతాయి, వాటి వెంట రొయ్యల్లాంటి క్రిల్, చిన్న చేపలు, వాటి వెంట ఇవి. చుట్టాలను చూడటం తేలిక, ఇంటివాళ్ళను చూడటమే కష్టం. ఇది ఒక్కటి బుర్రకెక్కితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. ఎక్స్‌పెడిషన్ ఓడ అంటే తిమింగలాల కోసం తిరిగే పడవ కాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి రబ్బరు పడవల్లో (జోడియాక్ అంటారు) ఒడ్డుకు తీసుకెళ్తారు, హిమానీనదం ముందు తిప్పుతారు, పక్షుల కొండలు చూపిస్తారు, ధ్రువపు ఎలుగుబంట్ల కోసం వెతుకుతారు. తిమింగలం దారిలో కనిపిస్తే ఓడ నెమ్మదిస్తుంది, అదృష్టం బాగుంటే అరగంట ఆగుతుంది. అదే ఏదైనా రేవు ఊరి నుంచి మూడు గంటల పడవ ట్రిప్ తీసుకుంటే ఆ మూడు గంటలూ వేరే పని ఉండదు. కేవలం తిమింగలం తోక పైకి లేవడం చూస్తే చాలు అనుకునేవాళ్ళకు క్రూజ్ అవసరమే లేదు, ఈ మాట క్రూజ్ అమ్మేవాళ్ళెవరూ మీకు చెప్పరు.

ఇక ఒక్కో చోటు చూద్దాం. నాకు బాగా తెలిసినవాటి గురించి ఎక్కువ చెబుతాను, మిగతావి గబగబా దాటేస్తాను.

స్వాల్‌బార్డ్‌తో మొదలుపెడితే, ఇది నార్వేకి ఉత్తరాన, 78 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్న దీవుల సముదాయం, ఓడలు ఎక్కువగా లాంగ్‌యియర్‌బ్యెన్ నుంచి బయల్దేరతాయి. ఎలుగుబంట్లు, వాల్రస్‌లు, మంచు కావాలంటే దీన్ని మించింది లేదు. తిమింగలాల విషయానికొస్తే పశ్చిమ తీరానికి బయట, సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుగా పడిపోయే అంచు వెంబడి ఫిన్, హంప్‌బ్యాక్, అప్పుడప్పుడు నీలి తిమింగలం కూడా తిరుగుతాయి. ఫియోర్డుల (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల) లోపల, హిమానీనదాల ముందు బురదనీళ్ళలో బెలూగాల గుంపులు ఒడ్డును ఆనుకుని పోతుంటాయి. సమస్యల్లా ఏమిటంటే చాలా ఓడలు ఫియోర్డుల లోపలే రోజంతా గడిపి, ఆ లోతు అంచు దగ్గరికి వెళ్ళనే వెళ్ళవు, వెళ్ళినా రాత్రి ప్రయాణంలో దాటేస్తాయి.

రాత్రి అన్నాను గానీ అక్కడ ఏప్రిల్ మూడో వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా సూర్యుడు అస్తమించడు. మా ఓడలో రాత్రి ఒంటిగంటన్నరకు మైకులో పిలుపు వచ్చింది. పైజామా మీదే పెద్ద జాకెట్ తగిలించుకుని, సాక్సులు లేకుండా బూట్లలో కాళ్ళు దూర్చి డెక్ మీదకు పరుగెత్తాను. ముందు ఆవిరి స్తంభం కనిపించింది, మూడంతస్తుల మేడంత ఎత్తు, నిటారుగా లేచి గాలికి మెల్లగా చెదిరింది. ఆ తర్వాత క్షణానికి చప్పుడు చేరింది, లారీ టైరులోంచి గాలి ఒక్కసారిగా వదిలినట్టు. తర్వాత వీపు. నీలం కాదు, తడిసిన పలకరాయి రంగు మీద మచ్చలు మచ్చలుగా ఉంది. అది వస్తూనే ఉంది, వస్తూనే ఉంది, ఇక రెక్కే లేదేమో అనుకునేసరికి ఎక్కడో చివర్న ఇంత చిన్న రెక్క తేలి మునిగింది. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని నలిపేసింది, ఆవిడెవరో అప్పటికి నాకు పరిచయం కూడా లేదు. ఆ ట్రిప్‌లో నీలి తిమింగలం కనిపించింది మొత్తం పదకొండు నిమిషాలు. మైకు పిలుపులు వద్దని స్పీకర్ ఆపేసుకుని పడుకున్నవాళ్ళు పొద్దున టిఫిన్ దగ్గర మాతో మాట్లాడలేదు.

అంటే స్వాల్‌బార్డ్‌లో తిమింగలం బోనస్. బోనస్ కోసం ఉద్యోగంలో చేరకూడదు కదా. జూలై, ఆగస్టు అయితే అవకాశం పెరుగుతుంది, మే, జూన్ మొదట్లో అయితే మంచు, ఎలుగుబంట్లు బాగుంటాయి గానీ పెద్ద తిమింగలాలు ఇంకా పూర్తిగా చేరవు. ఒకప్పుడు ఈ ఫియోర్డుల్లో బోహెడ్‌లు కిక్కిరిసి ఉండేవట. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు స్మీరెన్‌బర్గ్ అనే చోట కొవ్వు కరిగించే పొయ్యిలు పెట్టారు, ఆ ఊరి పేరుకు అర్థమే కొవ్వు ఊరు. ఆ వేట దెబ్బకు ఇవాళ అక్కడ బోహెడ్ కనిపిస్తే గైడ్లే ఎగిరి గంతేస్తారు. ఆ పొయ్యిల ఆనవాళ్ళు ఇంకా ఒడ్డున ఉన్నాయి.

గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలో డిస్కో బే సంగతి వేరు. నన్ను ఒక్క పేరే చెప్పమంటే ఇదే చెబుతాను. ఇలులిసాట్ ఊరి పక్కనే ఉన్న ఐస్‌ఫియోర్డ్ 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, దాని వెనకున్న సెర్మెక్ కుయాలెక్ హిమానీనదం రోజుకు సుమారు 40 మీటర్లు కదులుతుంది, అంటే అక్కడ మంచుకొండలకు కరువుండదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా హంప్‌బ్యాక్‌లు, ఫిన్‌లు, మింకిలు ఆ మంచుకొండల మధ్యే మేస్తుంటాయి. హంప్‌బ్యాక్ లోతుకు మునిగేటప్పుడు తోక మొత్తం ఎత్తుతుంది, మిగతా చాలా తిమింగలాలు అంత ఉదారంగా ఎత్తవు, కాబట్టి ఫొటో కావాలంటే మీరు వెతుక్కోవాల్సింది హంప్‌బ్యాక్‌నే. తోక అడుగుభాగంలో నలుపు తెలుపు మచ్చలు మన వేలిముద్రల్లాంటివి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. ఆ ఫొటో హ్యాపీవేల్ సైట్‌లో పెడితే, అదే తిమింగలం అంతకుముందు ఎవరి కంటైనా పడి ఉంటే ఎక్కడ పడిందో తెలుస్తుంది, నాకు తోకల పిచ్చి పట్టింది అక్కడే.

డిస్కో బేలో ఉన్న ఇంకో సుఖం, ఓడ దిగాక కూడా అవకాశం పోదు. ఇలులిసాట్ నుంచి స్థానికుల పడవలు వేసవి అంతా తిరుగుతుంటాయి. క్రూజ్‌కు ముందో తర్వాతో రెండు రోజులు అక్కడ ఉండేలా ప్లాన్ చేసుకుంటే ఓడలో కనిపించకపోయినా పడవలో చూడొచ్చు. బోహెడ్ కావాలంటే మాత్రం వేసవిలో వెళ్ళి లాభం లేదు, అవి చలికాలం చివర్న, వసంతంలో అక్కడికి వస్తాయి, క్రూజ్ ఓడల సీజన్ మొదలయ్యే వేళకు దాదాపు వెళ్ళిపోతాయి. ఒక విషయం ముందే చెబితే మంచిది: గ్రీన్‌లాండ్‌లో స్థానికులు కోటా ప్రకారం తిమింగలాలను వేటాడతారు, తింటారు కూడా. రేవులో మాంసం అమ్ముతుంటే చూసి అక్కడివాళ్ళకు క్లాసు పీకకండి. తరతరాల తిండి అది.

గ్రీన్‌లాండ్ తూర్పున స్కోర్స్‌బీ సౌండ్ (సౌండ్ అంటే ఇక్కడ సముద్రపు పాయ) ఉంది, ప్రపంచంలోనే అతి పెద్ద ఫియోర్డు వ్యవస్థల్లో ఒకటి. మంచు అడ్డం వల్ల ఓడలకు ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలోనే దారి దొరుకుతుంది. రంగులు మారిన టండ్రా, చీకటి తిరిగొచ్చాక ధ్రువకాంతులు, అన్నీ అద్భుతం. తిమింగలాల కోసం మాత్రం వెళ్ళకండి, పైగా దారిలో డెన్మార్క్ జలసంధి కడుపులో ఉన్నదంతా కక్కిస్తుంది.

ఇక నార్వాల్ పట్టుదల ఉన్నవాళ్ళకు. ప్రపంచంలోని నార్వాల్స్‌లో అత్యధిక భాగం వేసవిలో కెనడా ఆర్కిటిక్‌లోనే ఉంటాయి, బాఫిన్ దీవి ఉత్తర భాగం, పాండ్ ఇన్‌లెట్ దగ్గరి ఎక్లిప్స్ సౌండ్, లాంకాస్టర్ సౌండ్ చుట్టుపక్కల. నార్త్‌వెస్ట్ ప్యాసేజ్ (కెనడా ఉత్తర దీవుల మధ్యగా అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కు పోయే సముద్రమార్గం) పేరుతో అమ్మే క్రూజ్‌లు ఆగస్టు, సెప్టెంబర్ మొదట్లో ఇటే వెళ్తాయి. రూటు గొప్పది, ఆ మార్గాన్ని వెతుకుతూ 1845లో బయల్దేరి తిరిగిరాని ఫ్రాంక్లిన్ బృందంలో ముగ్గురి సమాధులు బీచీ దీవిలో చూస్తారు, బాఫిన్ తూర్పు తీరంలో ఇసబెల్లా బే దగ్గర ఓడ ఆగితే బోహెడ్‌లు దొరకొచ్చు. బోహెడ్ ఊపిరి ఆవిరి రెండుగా చీలి ఇంగ్లిష్ వి అక్షరంలా లేస్తుంది, ఇవి 200 ఏళ్ళకు పైగా బతకగలవని శాస్త్రవేత్తల అంచనా. ఎదురుగా ఉన్న జంతువు ఫ్రాంక్లిన్ ఓడలు వెళ్ళేనాటికే ఈ నీళ్ళలో ఉండి ఉండొచ్చు అన్న ఆలోచన వచ్చాక కెమెరా దించేశాను.

కానీ నార్వాల్ భయస్తురాలు. ఇంజిన్ చప్పుడు కిలోమీటర్ల దూరం నుంచే పసిగట్టి తప్పుకుంటుంది. ఓడ మీద నుంచి చూసినవాళ్ళు ఎక్కువమంది చెప్పేది "దూరంగా బూడిదరంగు వీపులు, బైనాక్యులర్‌లో ఒక్కసారి దంతం" అనే. దంతం కూడా అన్నిటికీ ఉండదు, సాధారణంగా మగవాటికే. నార్వాల్‌ను దగ్గరగా చూడాలంటే ఓడ మానేసి, మే చివర్న, జూన్‌లో పాండ్ ఇన్‌లెట్ వైపు మంచు అంచుకు వెళ్ళాలి. సముద్రపు మంచు ఎక్కడ ఆగి నీళ్ళు ఎక్కడ మొదలవుతాయో అక్కడ స్థానిక ఇన్యుయిట్ తెగ గైడ్లతో గుడారాల్లో ఉండి, ఇంజిన్ చప్పుడు లేకుండా కూర్చుని ఎదురుచూడటం. మంచు చీలే దాకా అవి ఆ అంచునే కాచుకుని ఉంటాయి. చలి, గుడారం, స్నానం లేని రోజులు, స్నోమొబైల్ వెనక చెక్క బండిలో గంటల తరబడి కుదుపులు, అక్కడా వాతావరణం ఎదురు తిరిగితే ఏమీ కనిపించకపోవచ్చు. నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి. ఓడలో వేడి గది, మూడు పూటలా భోజనం, లెక్చర్లు కావాలి, నార్వాల్ కూడా దగ్గరగా కావాలి అంటే ఆ రెండూ ఒకచోట కుదరవు.

బెలూగా అయితే ఇంత గొడవ లేదు. కెనడాలోనే మానిటోబా రాష్ట్రంలో చర్చిల్ అనే ఊరుంది, జూలై, ఆగస్టుల్లో అక్కడి నదీముఖానికి వేలల్లో బెలూగాలు వస్తాయి. నిజానికి అది ఆర్కిటిక్ వలయానికి చాలా దక్షిణాన ఉంది, రోడ్డు లేదు, రైల్లోనో విమానంలోనో వెళ్ళాలి. చిన్న పడవలోనో కయాక్‌లోనో కూర్చుంటే అవే వచ్చి పక్కన చేరతాయి. నీళ్ళలోకి హైడ్రోఫోన్ (నీటి కింది చప్పుళ్ళు వినే మైకు) దింపితే కిచకిచలు, కూతలు, తలుపు కిర్రుమన్నట్టు చప్పుళ్ళు. నావికులు వీటిని సముద్రపు పిట్టలని ఊరికే అనలేదు. పెద్దవి తెల్లగా, పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు స్వాల్‌బార్డ్ కన్నా ఇదే చెబుతాను, ఓడ ఖర్చుతో పోలిస్తే తక్కువలో అవుతుంది, చూసే అవకాశం బాగా ఎక్కువ.

ఓర్కాల (కిల్లర్ వేల్స్) కోసమైతే ఉత్తర నార్వేకి చలికాలంలో వెళ్ళాలి. నవంబర్ నుంచి జనవరి దాకా హెర్రింగ్ చేపలు ఫియోర్డుల్లోకి వస్తాయి, వాటి వెనకే ఓర్కాలు, హంప్‌బ్యాక్‌లు. చిక్కేమిటంటే చేపలు ప్రతిసారీ ఒకే ఫియోర్డుకు రావు. ట్రోమ్సో పక్కనే కొన్నేళ్ళు కనిపించాయి, 2017 ప్రాంతం నుంచి ఉత్తరాన షెర్వాయ్ వైపు జరిగాయి. పాత ఫొటోలు చూసి హోటల్ బుక్ చేయకండి, ఆ సీజన్‌లో చేపలు ఎక్కడున్నాయో కనుక్కుని వెళ్ళండి. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు లేవడు, మధ్యాహ్నం కొన్ని గంటలు నీలిరంగు వెలుతురు మాత్రం ఉంటుంది, కెమెరాకు కష్టం. అదే నార్వేలో ఆండెనెస్ ఊరి దగ్గర లోతైన సముద్రపు లోయ తీరానికి బాగా దగ్గరగా ఉండటంతో స్పెర్మ్ వేల్స్ దొరుకుతాయి, అన్నీ మగవే, ఆడవి వెచ్చటి నీళ్ళు వదిలి అంత ఉత్తరానికి రావు. ఒకసారి మునిగితే అరగంటో ముప్పావుగంటో రాదు, ఓపిక ఉండాలి.

ఐస్‌లాండ్‌లో హుసావిక్ గురించి ఒక్క ముక్క. వేసవిలో హంప్‌బ్యాక్ కనిపించని రోజు తక్కువ, జూన్, జూలైల్లో నీలి తిమింగలం కూడా వచ్చే అవకాశం ఉంది. ఖర్చు, సమయం రెండూ తక్కువ ఉన్నవాళ్ళు నేరుగా ఇక్కడికి వెళ్ళిపోండి. ఉత్తర ధ్రువం దాకా ఐస్‌బ్రేకర్‌లో (మంచు పగలగొట్టుకుంటూ పోయే ఓడలో) వెళ్ళే ట్రిప్పులు తిమింగలాల కోసం అసలు కాదు, గట్టి మంచు మధ్య అవి ఎక్కడ ఊపిరి తీసుకుంటాయి చెప్పండి.

ఇప్పుడు ఓడ. చోటు, నెల ఖాయమయ్యాకే దీని జోలికి రండి. పన్నెండు మంది పట్టే చిన్న నౌక నుంచి ఐదారొందల మంది పట్టే ఓడ దాకా అన్నిటినీ ఎక్స్‌పెడిషన్ అనే పేరుతోనే అమ్ముతున్నారు. చిన్నదాంట్లో నీళ్ళకు దగ్గరగా ఉంటారు, కెప్టెన్‌ను బతిమాలితే బెలూగాల దగ్గర ఇంజిన్ ఆపి గంటసేపు కూర్చోగలరు, కానీ అల కొంచెం పెద్దదైతే పళ్ళెం ఒళ్ళో పడుతుంది. వంద మంది చుట్టుపక్కల ఉన్న ఓడ నా దృష్టిలో సరైన మధ్యస్థం. ఎత్తైన డెక్ ఉంటే దూరపు ఆవిరి ముందుగా కనిపిస్తుంది, కింద డెక్ ఉంటే దగ్గరకొచ్చినప్పుడు బాగుంటుంది, రెండూ ఉన్న ఓడ ఈ సైజులో దొరుకుతుంది. స్వాల్‌బార్డ్‌కైతే 2025 జనవరి 1 నుంచి రూలు మారింది, రక్షిత ప్రాంతాల్లోకి 200 మంది ప్రయాణికులకు మించిన ఓడలకు అనుమతి లేదు, దిగడం కూడా అక్కడ గుర్తించిన 43 చోట్లే. ఎలుగుబంటికి 300 మీటర్ల దూరం, మార్చి నుంచి జూన్ చివరి వరకు 500 మీటర్లు. పాత రివ్యూల్లో "ఎలుగుబంటి ఓడ పక్కకే వచ్చింది" అని చదివి అదే ఆశతో వెళ్తే నిరాశే. పెద్ద ఓడలో సీటు చవగ్గా వస్తోందంటే అది ఆ దీవుల్లో ఎక్కడ తిరగగలదో ముందు అడగండి.

కంపెనీకి మెయిల్ రాసేటప్పుడు "తిమింగలాలు కనిపిస్తాయా?" అని అడిగితే అవుననే అంటారు, ఆ జవాబుకు విలువ లేదు. నేనైతే ఇలా అడుగుతాను: పోయిన ఏడాది ఇదే వారంలో ఇదే రూటులో కనిపించినవాటి జాబితా పంపుతారా? చాలా ఓడల్లో గైడ్లు రోజువారీ లాగ్ రాస్తారు, ఉన్నవాళ్ళు పంపుతారు, పంపకుండా దాటవేస్తే అర్థం చేసుకోండి. బ్రిడ్జి (కెప్టెన్ ఓడ నడిపే గది) మీదకు ప్రయాణికులను ఎప్పుడైనా రానిస్తారా? సముద్ర క్షీరదాలు తెలిసిన గైడ్ ఆ ట్రిప్‌లో ఉంటారా, లేక అందరూ పక్షుల నిపుణులేనా? ఓడలో హైడ్రోఫోన్ ఉందా? లోతు సముద్రం మీదుగా పగలు ప్రయాణించే రోజు ఒక్కటైనా ఉందా? జనం సముద్రంలో గడిపే రోజును దండగ అనుకుంటారు గానీ పెద్ద తిమింగలాలు దొరికేది ఆ రోజునే. నిర్వాహకులు ఏకో అనే ఆర్కిటిక్ క్రూజ్ సంఘంలో సభ్యులా కాదా కూడా చూడండి. జంతువుల దగ్గర ఎలా మెలగాలో వాళ్ళకు రాతపూర్వక నియమాలు ఉన్నాయి, తిమింగలాన్ని తరిమే పడవలో కూర్చుంటే మీకు కనిపించేది దాని వీపే.

రోజుల లెక్క కూడా ముఖ్యమే. ఐదు రోజుల ట్రిప్‌లో రెండు రోజులు పొగమంచు, ఒక రోజు పెద్ద గాలి వస్తే ఇంక మిగిలేదేముంది? నీళ్ళ మీద తెల్లటి నురగ మొదలైతే ఊపిరి ఆవిరి అందులో కలిసిపోయి నిపుణుడి కంటికి కూడా ఆనదు. కనీసం తొమ్మిది పది రోజులు ఉన్నది చూడండి, డబ్బు చాలకపోతే మంచి ఓడలో నాసిరకం గది తీసుకోండి గానీ రోజులు తగ్గించుకోకండి.

వీసా దగ్గర ఒక మెలిక ఉంది. స్వాల్‌బార్డ్, గ్రీన్‌లాండ్ రెండూ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేవు. షెంగెన్ వీసా అవసరమయ్యేవాళ్ళు నార్వే మీదుగా స్వాల్‌బార్డ్ వెళ్ళొస్తే రెండోసారి ప్రవేశానికి కూడా పనికొచ్చే వీసా తీసుకోవాలి, గ్రీన్‌లాండ్‌కైతే ఆ వీసా మీద గ్రీన్‌లాండ్‌కు చెల్లుతుందని విడిగా రాసి ఉండాలి. హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు కూడా భరించే బీమా లేకుండా ఓడ ఎక్కనివ్వరు చాలా చోట్ల. బైనాక్యులర్స్ 8 రెట్లవి తీసుకోండి, ఊగే డెక్ మీద 10 రెట్లవి చేతిలో నిలవవు.

గది గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను, బాల్కనీ కోసం అదనంగా కట్టకండి. మా ట్రిప్‌లో బాల్కనీ గది తీసుకున్న జంట తొలి రెండు రోజులు దర్జాగా అక్కడే కూర్చున్నారు, హంప్‌బ్యాక్‌లు మూడుసార్లూ ఓడకు అవతలి వైపు లేచాయి. మూడో రోజు నుంచి వాళ్ళూ మాతోపాటే ముందు డెక్ మీద నిలబడి వణికారు.